జోసఫ్ అడ్రసు బ్లాక్ చేసిన సంగతి

సత్తెనపల్లి,
10-2-2005

చిరంజీవి నజ్మీన్‌కు మామయ్య మనసారా దువా.

ఇక్కడ నేనూ, మీ గుల్జార్ అత్తయ్యా క్షేమం. సర్వరు క్షేమమో కాదో నువ్వే చెప్పాలి.

కొత్త కోడలివి. మా మేనల్లుడు రహమాన్‌తో పండక్కి వచ్చి, బిర్యానీ కూడా సరిగా తినకుండా, ఉన్నన్నాళ్ళూ నా టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేల మీద కూర్చుని, ఆ పాత కంప్యూటర్‌కి లినక్సు ఎక్కించి సర్వరు చేసిపెట్టావు. ఇప్పుడు షాపులో ఉన్న కంప్యూటర్లన్నీ దాని ద్వారానే ఇంటర్‌నెట్‌లోకి వెళుతున్నాయి. టైపు మిషన్లు మూలకు చేరాయిగానీ ఊళ్ళో మాత్రం నన్నే మాస్టారి సెంటరుకు పేరొచ్చింది.

పక్కన ఫొటో స్టూడియో జోసఫ్ గుర్తున్నాడుగా? నాతో కలిసి చదువుకున్నవాడు. సాయంత్రం టీ తెప్పిస్తే సగం వాడిది, సగం నాది. వాడు రోజూ వచ్చి సర్వరు ముందు చేతులు కట్టుకుని నిలబడి చూసి పోతున్నాడు. ముట్టుకోరా అంటే ముట్టుకోడు. "షాక్ కొడితే బాధ్యత ఎవడిదిరా?" అంటాడు.

ఫోన్లో అడుగుదామంటే అక్షరం ఒకటి చెబితే ఒకటి వినపడుతుంది. సర్వరు సంగతులు మెయిల్లో రాయొద్దని నువ్వే అన్నావు. అందుకని ఉత్తరం. నాకూ చేతి రాత మీద ప్రేమ ఇంకా చావలేదు.

బస్సు కదులుతుంటే కిటికీలోంచి అరిచావు చూడు, "మామయ్యా, దాన్ని ఎప్పుడూ అప్‌టుడేట్‌గా ఉంచండి" అని. ఉంచాను. మీ అత్తయ్య మెరూన్ రంగు వెల్వెట్ గుడ్డ తెప్పించి, చుట్టూ మంగళగిరి జరీ అంచు వేసి, దానికి నిండుగా కవరు కుట్టింది. ఇప్పుడు ఊళ్ళో దానంత అప్‌టుడేట్‌గా ఉన్న వస్తువు ఇంకోటి లేదు. కాకపోతే మధ్యాహ్నం అయ్యేసరికి దానంతటదే ఆగిపోతోంది. అందరూ అదేపనిగా చూస్తుంటే సిగ్గుపడుతోందేమో అంటుంది అత్తయ్య.

ఇంకా ఏమేం చేయాలో వివరంగా రాయి.

దువాలతో,
నీ నన్నే మామయ్య

తా.క.: పాస్‌వర్డు మార్చమన్నావు, మార్చాను. నేను మర్చిపోయినా నీ దగ్గర ఉంటుందని ఒక పోస్టుకార్డు మీద రాసి విడిగా పంపాను. పోస్టుమాస్టరు గారు చదివి స్పెల్లింగు తప్పుందన్నారు. ఆయనే దిద్దారు.

---

హైదరాబాద్,
16-2-2005

గౌరవనీయులైన మామయ్య గారికి నజ్మీన్ సలాములు.

మీ ఉత్తరం అందింది. ఇంట్లో అందరం చదువుకున్నాం. ఆయన అయితే ఒకటికి రెండుసార్లు చదివి, దిండులో మొహం పెట్టుకుని చాలాసేపు లేవలేదు.

చిన్నదాన్ని, మీకు చెప్పేంతదాన్ని కాదు. అత్తయ్య కుట్టిన కవరు ఎంతో అందంగా ఉండి ఉంటుంది. పండగలప్పుడు వేస్తే ఇంకా అందం. మామూలు రోజుల్లో సర్వరుకు కాస్త గాలి తగిలితే మంచిది.

అప్‌టుడేట్ అంటే నా ఉద్దేశం వేరు. అది నేను సరిగా చెప్పలేకపోయాను. ఆ ప్రోగ్రాములు రాసినవాళ్ళు వాటిలో దొరికిన కన్నాలకు ఎప్పటికప్పుడు మరమ్మతులు తయారుచేసి ఇంటర్‌నెట్‌లో పెడుతుంటారు. మనం వారం వారం వాటిని దించుకుని వేసుకోవాలి. వేసుకోకపోతే ఆ కన్నాలు తెలిసిన దొంగలు లోపలికి వస్తారు. దానికి కొట్టాల్సిన కమాండును విడిగా కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి జతచేశాను.

ఆ మరమ్మతులప్పుడు మాత్రమే మీరు రూట్ పేరుతో వెళ్ళండి. రూట్ అంటే మిషన్‌కు యజమాని. ఆ పేరుతో ఏ చిన్న పొరపాటు చేసినా మిషన్ కాదనదు, చేసేస్తుంది. అందుకని మిగతా వేళల్లో మామూలు యూజర్‌గా కూర్చుంటే క్షేమం.

వీలైతే అవసరం లేని సర్వీసులన్నీ ఆపేయండి. వాడని సర్వీసు తెరిచి ఉంచితే ప్రమాదమే తప్ప లాభం లేదు. అలాగే రోజూ పొద్దున లాగ్ చదవండి. సర్వరు రాసుకునే దినచర్య లాంటిది అది. ఎవరు వచ్చారు, ఎవరు రాబోయి రాలేకపోయారు, అన్నీ అందులో ఉంటాయి. నేనే ఇక్కణ్ణుంచి లోపలికి వచ్చి చూసేదాన్నిగానీ, మా ఆఫీసులో బయటి మిషన్లలోకి వెళ్ళనివ్వరు.

అత్తయ్యకు సలాములు.

ఇట్లు,
మీ కోడలు నజ్మీన్

తా.క.: దయచేసి పాస్‌వర్డు మళ్ళీ మార్చండి. పోస్టుమాస్టరు గారికి కూడా నా సలాములు చెప్పండి. కొత్తది మాత్రం చెప్పకండి.

---

సత్తెనపల్లి,
2-3-2005

చి. నజ్మీన్‌కు దువా.

నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచీ నాకు చేతినిండా పని. ఒక్క అక్షరం వదలకుండా అన్నీ అమలుచేశాను.

కవరు తీసేశాం. అది ఇప్పుడు గ్రైండరు మీద ఉంది. గ్రైండరు చాలా అప్‌టుడేట్‌గా ఉంది.

యజమానిగా కూర్చోవద్దన్నావు. సొంత షాపులో మామూలు మనిషిలా కూర్చోవడం మొదట కాస్త చిన్నతనంగా అనిపించిన మాట నిజం. ఇప్పుడు అలవాటైంది. నా కుర్చీ ఖాళీగా వదిలేసి కస్టమర్ల బెంచీ మీద కూర్చుంటున్నాను. మరమ్మతులు వేసేటప్పుడు మాత్రం లేచి వెళ్ళి కుర్చీలో కూర్చుంటాను.

ఇక సర్వీసుల సంగతి. అవసరం లేనివన్నీ ఆపేయమని నువ్వు రాసింది చదివి రోజంతా ఆలోచించాను. గట్టి నిర్ణయమే. కానీ చదువుకున్న పిల్లవి, ఊరికే చెప్పవు. జిరాక్సు ఆపేశాను. లామినేషన్ ఆపేశాను. దరఖాస్తులు నింపిపెట్టడం ఆపేశాను. "భద్రతా కారణాల వల్ల పై సర్వీసులు నిలిపివేయడమైనది" అని బోర్డు రాయించి కట్టాను. రేషన్ కార్డు జిరాక్సుకని వచ్చిన పిచ్చమ్మ ఆ బోర్డు ఎవరితోనో చదివించుకుని, "నీ భద్రతకి నా రేషన్ కార్డు ఏం అడ్డమొచ్చిందయ్యా?" అని బజారంతా వినపడేట్టు అడిగింది. జవాబు నువ్వు తర్వాతి ఉత్తరంలో రాస్తే ఆమెకు చెబుతాను.

అసలు విషయం ఇప్పుడు రాస్తున్నాను. మనసు గట్టి చేసుకో. లాగ్ చదివాను. దొంగ దొరికాడు. ఒక మనిషి రోజూ మన సర్వరులోకి రావాలని చూస్తున్నాడు, పాస్‌వర్డు తప్పు కొడుతున్నాడు, పోతున్నాడు, మళ్ళీ వస్తున్నాడు. పేరుతో సహా పట్టుబడ్డాడు. ఆ పేరు ఇందులో రాయను, ఉత్తరాలు ఎవరి చేతిలో పడతాయో తెలియదు. తెలిసినవాడని మాత్రం చెబుతాను. చాలా తెలిసినవాడు. నాలుగు రోజుల నుంచీ అన్నం సయించడం లేదు.

ఏం చేయమంటావు?

ఇట్లు,
మామూలు యూజర్, నన్నే మామయ్య

తా.క.: మరమ్మతుల కమాండు కొట్టాను. అంతా చదివి చివర్లో "ఇది చేయడం నీకు ఇష్టమేనా? అవునా, కాదా?" అని అడిగింది. పెద్ద విషయం కదా, ఇంట్లో అడిగి చెబుతానని అలాగే ఉంచాను. అప్పట్నుంచీ ఎదురుచూస్తోంది.

---

హైదరాబాద్,
9-3-2005

గౌరవనీయులైన మామయ్య గారికి నజ్మీన్ సలాములు.

మీరు ఇంత శ్రద్ధగా చేస్తున్నారంటే నాకు నోటమాట రావడం లేదు. నిజంగానే రావడం లేదు.

సర్వీసులంటే నేను మిషన్ లోపల నడిచేవాటి గురించి రాశాను. బయట మీరు చేసేవి ఎప్పటిలాగే చేయండి. తప్పు నాదే, స్పష్టంగా రాయలేదు. పిచ్చమ్మ గారికి రేషన్ కార్డు జిరాక్సు తీసి ఇచ్చి, నా తరఫున క్షమాపణ చెప్పండి. లోపల ఆపాల్సినవి ఏవో కాగితం మీద రాసి పెడుతున్నాను. కుర్చీ కూడా మీరు ఎప్పుడైనా వాడుకోవచ్చు.

ఆ చొరబడే మనిషి సంగతి చదివి కంగారుపడ్డాను. మీరు చాలా జాగ్రత్తగా గమనించారు. ఎవరని నేను అడగను. తెలిసినవాడా, తెలియనివాడా అన్నది ఇలాంటి విషయాల్లో చూడకూడదు మామయ్యా. మొహమాటపడితే లోపలికి వచ్చేస్తారు. అతను ఏ అడ్రసు నుంచి వస్తున్నాడో లాగ్‌లోనే ఉంటుంది. ఆ అడ్రసును బ్లాక్ చేసేయండి. అటునుంచి ఇటు ఏదీ రాకూడదు, అంతే. అది కూడా వెంటనే చేయాలి. ఎలా చేయాలో అదే కాగితం వెనకవైపు రాశాను.

ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. తొందరలో రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

ఇట్లు,
మీ కోడలు నజ్మీన్

తా.క.: దానికి "అవును" అని చెప్పండి. అత్తయ్య ఏమన్నారు?

---

సత్తెనపల్లి,
3-4-2005

చి. నజ్మీన్‌కు దువా.

నీ మాట నిలబెట్టాను. అడ్రసు బ్లాక్ చేశాను.

ఇక దాచి లాభం లేదు, ఊరంతా తెలిసింది. ఆ మనిషి జోసఫ్. లాగ్‌లో నల్లగా, స్పష్టంగా, "ఇల్లీగల్ యూజర్ జోసఫ్" అని ఉంది. ఇల్లీగల్ అని నేను అనలేదు, మిషనే అంది. దాని కిందే మరియ అని ఇంకో పేరు. జోసఫ్ భార్య మరియమ్మ! మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కలిసి! షాక్ కొడుతుందని మౌసు కూడా ముట్టుకోనివాడు, ఎవరూ లేనప్పుడు ఇంత పని చేస్తాడని కలలో కూడా అనుకోలేదు.

లాగ్‌లో అడ్రసు ఏవో అంకెల్లో ఉంది. అంకెలతో నాకేం పని, వాడి అడ్రసు నాకు తెలియనిదా? నీ కాగితం వెనకవైపు ఏముందో చూసే అవసరమే రాలేదు. వాడి స్టూడియోకీ నా షాపుకీ మధ్య వరండా ఒకటే. పోయిన ఆదివారం వాడు చర్చికి పోయినప్పుడు పాత టైపు మిషన్ల బల్లలన్నీ తెచ్చి వరండాకి అడ్డంగా పేర్చాను. అటునుంచి ఇటు ఏదీ రాకూడదన్నావు కదా. టీ గ్లాసు కూడా రాదు.

జోసఫ్ వచ్చి చూశాడు.

"ఏరా నన్నే, ఏందిరా ఇది?"

"నీ అడ్రసు బ్లాక్ చేశా."

"నా అడ్రసా? నువ్వెవడివిరా నా అడ్రసు బ్లాక్ చెయ్యటానికి? మున్సిపాలిటీవా?"

"నువ్వేం చేశావో నీకు తెలుసు."

ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. ఇంత నోరున్నవాడు ఆ మాటకి టక్కున ఆగిపోయాడు. మొహం పాలిపోయింది. "నీకెవరు చెప్పార్రా?" అన్నాడు మెల్లిగా. "నా మిషనే చెప్పింది" అన్నాను. తల దించుకుని లోపలికి పోయాడు. నేరం చేయనివాడు అలా పోతాడా, నువ్వే చెప్పు.

అప్పట్నుంచీ మాటల్లేవు. మరియమ్మతో స్నేహం పాడైందని మీ అత్తయ్య నాతో మాట్లాడటం మానేసింది. అన్నం పెట్టి గరిటె చప్పుడు చేసి పోతోంది. షాపులో సాయంత్రం టీ సగం మిగిలిపోతోంది. దొంగను పట్టినందుకు సంతోషంగా ఉండాలి కదా? ఎందుకో లేదు.

ఇట్లు,
నన్నే మామయ్య

తా.క.: లోకమంతా జోసఫ్ లాంటివాళ్ళే ఉండరు. గెస్ట్ అని ఒకాయన కూడా చాలా రోజుల నుంచి వచ్చి తలుపు కొడుతున్నాడు, పాపం. మన సర్వరు ప్రతిసారీ తిప్పి పంపుతోంది. అతిథిని గుమ్మంలోంచి పంపేయడం మన ఇంటావంటా లేదు. ఆయన పేరున ఒక ఖాతా తెరిచాను. తేలిగ్గా గుర్తుండాలని పాస్‌వర్డు కూడా గెస్ట్ అనే పెట్టాను. ఆ రాత్రే వచ్చేశాడు.

---

హైదరాబాద్,
8-4-2005

మామయ్యా,

సలాములు తర్వాత. ముందు లేచి వెళ్ళి సర్వరు వెనక ఉన్న ఇంటర్‌నెట్ వైరు పీకేయండి. పీకేశాక మిగతాది చదవండి.

ఫోన్ చేశాను. ఎవరో తీసి, "మాస్టారు బయట బల్లల గొడవలో ఉన్నారు" అని పెట్టేశారు. అందుకే స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

పీకారా?

ఇన్నాళ్ళూ పెద్దవారని మెత్తగా రాశాను. మెత్తగా రాయడం వల్లే ఇంత జరిగింది. ఇప్పుడు ఉన్నదున్నట్టు రాస్తాను, తిట్టినా సరే. గెస్ట్ అనేవాడు అతిథి కాదు. వాడు మనిషే కాదు. ఎక్కడో ఏ దేశంలోనో ఒక దొంగ ప్రోగ్రాము ఉంటుంది. అది లోకంలో ఉన్న సర్వర్లన్నిటి తలుపులూ కొడుతుంది. దాని దగ్గర పేర్ల చిట్టా ఉంటుంది. గెస్ట్, టెస్ట్, అడ్మిన్, జోసఫ్, మరియ, మైకేల్, ఇలా నోటికొచ్చిన పేర్లన్నీ వరసగా వేసి చూస్తుంది. ఏదో ఒక పేరుకు తేలికైన పాస్‌వర్డు తగలకపోతుందా అని. మా ఆఫీసు సర్వర్ల లాగ్‌లో కూడా రోజూ జోసఫ్ ఉంటాడు. సత్తెనపల్లి జోసఫ్ గారు మా ఆఫీసు దాకా రారు కదా?

ఆయనకు ఏ పాపమూ తెలియదు మామయ్యా. కంప్యూటర్‌ను ముట్టుకోవడానికే భయపడే మనిషని మీరే రాశారు. మీరు నిర్దోషి అడ్రసు మూసేసి, దొంగకు తలుపు తీసి, ఖాతా ఇచ్చి, పాస్‌వర్డు కూడా వాడికి గుర్తుండేలా పెట్టారు.

ఆ బల్లలు తీసేయండి. ఆయన దగ్గరకు వెళ్ళి క్షమాపణ అడగండి.

నజ్మీన్

తా.క.: కోపంలో సలాములు రాయడం మర్చిపోయాను. సలాములు. వైరు పీకారా?

---

సత్తెనపల్లి,
8-4-2005

చి. నజ్మీన్‌కు దువా.

నా పోయిన ఉత్తరానికి నీ జవాబు ఇంకా రాలేదు. ఈలోగా చాలా జరిగాయి.

ముందు ఒక శుభవార్త అనుకున్నది రాస్తాను. ఇంటర్‌నెట్ ఇచ్చే కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. "మీ యంత్రం నుంచి అసాధారణ సంఖ్యలో ఈమెయిళ్ళు ప్రపంచ దేశాలకు వెళుతున్నట్టు గమనించాము" అని ఉంది. నా సెంటరు ఇంత పేరు తెచ్చుకుందా అని కళ్ళు చెమర్చాయి. ఫ్రేము కట్టించి గోడకు పెట్టాను. జోసఫ్‌తో మాటలుండి ఉంటే మంచి ఫ్రేము వాడే వేసిచ్చేవాడు.

నిన్న రెండో ఉత్తరం వచ్చింది. అందులో అసలు సంగతి తెలిసింది. ఆ ఈమెయిళ్ళు బరువు తగ్గించే మాత్రలవట. నాకు తెలియని ఎంతమందికో నా సెంటరు నుంచి మాత్రలు కొనమని ఉత్తరాలు పోతున్నాయట. కనెక్షన్ కట్ చేశారు. ఫ్రేము దించేశాను.

నాకు అర్థం కానిది ఒక్కటే. జోసఫ్ అడ్రసు బ్లాక్ చేశాక కూడా ఇది ఎలా జరిగింది? గెస్ట్ గారి మీద నాకు ఏ అనుమానమూ లేదు. ఆయన వచ్చిన దగ్గర్నుంచీ లాగ్‌లో ఆయన మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు. రాత్రింబవళ్ళు ఏదో పని చేసుకుంటూనే ఉన్నారు. అంత కష్టపడే మనిషిని నేను చూడలేదు.

ఇంటర్ రిజల్టులు ఈ నెలలోనే. ఏడాదికోసారి ఊళ్ళో పిల్లలందరూ, చుట్టుపక్కల పల్లెల వాళ్ళూ నా సెంటరుకే వస్తారు. వాళ్ళకు మొహం ఎలా చూపించాలి? నా చిన్నప్పటి నుంచీ ఏ కష్టమొచ్చినా పక్క షాపులోకి వెళ్ళి చెప్పుకునేవాణ్ణి. మధ్యలో బల్లలున్నాయి.

ఇట్లు,
ఏం చేయాలో తోచని నన్నే మామయ్య

తా.క.: బరువు తగ్గించే మాత్రల గురించి మన వీధిలో ఇద్దరు వచ్చి అడిగారు. దొరికితే వాళ్ళకు కూడా కావాలట.

---

హైదరాబాద్,
13-4-2005

గౌరవనీయులైన మామయ్య గారికి సలాములు. ఈసారి ముందే రాస్తున్నాను.

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నట్టున్నాయి. నాది ఈపాటికి అందే ఉంటుంది. వైరు కూడా పీకే ఉంటారు. మూడు రోజుల నుంచీ ఫోన్ చేస్తుంటే పలకడం లేదు కాబట్టి, ఇంటర్‌నెట్ వైరుతో పాటు ఫోన్ వైరు కూడా పీకారని అర్థమైంది. ఫోన్ వైరు పెట్టేయండి.

దొంగ ఒకసారి లోపలికి వచ్చాక ఆ మిషన్‌లో దేన్నీ నమ్మకూడదు. ఆ ఖాతా ఒక్కటి తీసేస్తే సరిపోదు, వాడు ఎక్కడెక్కడ తాళాలు మార్చాడో తెలియదు. మొత్తం తుడిచేసి మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించాలి. ఆయన సీడీలు తీసుకుని శుక్రవారం బస్సుకు వస్తున్నారు. నాకు సెలవు దొరకలేదు. ఏమేం చేయాలో ఆయనకు నేర్పి పంపుతున్నాను. బయటి నుంచి సర్వరులోకి వచ్చే తలుపు నేను ఎప్పుడైనా చూడొచ్చు కదా అని తెరిచి వదిలాను. అది కూడా మూసేయిస్తాను. కంపెనీకి రాయాల్సిన ఉత్తరం ఆయన దగ్గరే ఉంది, మీరు సంతకం పెడితే చాలు.

జోసఫ్ గారి దగ్గరకు వెళ్ళారా? వెళ్ళకపోతే మా ఆయన వచ్చేలోపు వెళ్ళండి. ఆ లాగ్‌లోని జోసఫ్‌లలో ఒక్కడు కూడా మీ జోసఫ్ కాదు. ఇది నేను చదువుకున్న చదువు మీద ఒట్టేసి చెబుతున్నాను.

ఇట్లు,
మీ కోడలు నజ్మీన్

తా.క.: ఆయనకు కమాండులు గుర్తుండవు. కాగితం ఆయన జేబులో కాదు, సంచీలో ఉంటుంది. జేబులో వెతికి కంగారుపడతారు, చెప్పండి.

---

సత్తెనపల్లి,
30-4-2005

చి. నజ్మీన్‌కు మామయ్య దువాలు, ఈసారి జోసఫ్ మామయ్య దువాలు కూడా.

రహమాన్ రావడం, సర్వరును కడిగిన పళ్ళెంలా తుడిచి మళ్ళీ ఎక్కించడం, మరమ్మతులన్నీ వేయడం అయిపోయింది. కంపెనీకి ఉత్తరం కూడా పంపాం. "పరిశీలించి పునరుద్ధరిస్తాము" అన్నారు. వాళ్ళింకా పరిశీలిస్తుండగానే ఇంటర్ రిజల్టులు వచ్చేశాయి.

నీ ఉత్తరాలు రెండూ చదివాక జోసఫ్ దగ్గరకు పోదామని రోజూ చెప్పులేసుకున్నాను. బల్లల దాకా పోయి వెనక్కి వచ్చాను. ఏ మొహం పెట్టుకుని పోను? ఆ బల్లలు కూడా అలాగే ఉండిపోయాయి. తీసేస్తే తప్పు ఒప్పుకున్నట్టు వాడికి ముందే తెలిసిపోతుందని.

రిజల్టుల రోజు పొద్దున్నే షాపు ముందు తిరనాళ్ళలా జనం. కనెక్షన్ లేదని చెబితే ఒక్కరూ కదలరు. "మాస్టారూ, ఏదోటి చేయండి" అంటారు. రోశయ్య అని ఒక రైతు, మిరప కల్లం నుంచి తిన్నగా కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వాడి తలగుడ్డ దులిపినప్పుడల్లా షాపంతా తుమ్ములు. ఆ పిల్ల, అనూష, హాల్‌టికెట్‌ను చేతిలో నలిపి నలిపి గుడ్డపీలిక చేసింది. నేను మెట్ల మీద కూలబడ్డాను. 

ఇంతలో ధడేల్‌మని చప్పుడు. చూస్తే జోసఫ్, పంచె ఎగ్గట్టి టైపు బల్లల మీదుగా ఎక్కి దిగుతున్నాడు.

"ఏడుపులాపి నెంబర్లు చెప్పండ్రా" అన్నాడు. అందరి హాల్‌టికెట్ నెంబర్లూ ఒక ఫొటో కవరు మీద రాసుకుని, బస్టాండు దగ్గర సిలార్ కొత్తగా పెట్టిన కంప్యూటర్ సెంటరు వైపు పరిగెత్తాడు. అక్కడ లోపలికి అడుగుపెట్టే సందు లేదని పొద్దుటి నుంచీ అందరూ చెబుతూనే ఉన్నారు. వీడు ఎలా దూరాడో ఏమో, ఎండ ముదరక ముందే తిరిగొచ్చాడు. కవరు నిండా మార్కులు. మెట్ల మీద నిలబడి పేరు పేరునా చదివాడు. తప్పినవాళ్ళ పేర్లు మాత్రం పైకి చదవకుండా దగ్గరకు పిలిచి చెవిలో చెప్పాడు. అనూషకు ఫస్టు క్లాసు. రోశయ్య ఆనందంతో తలగుడ్డ విసిరాడు. అందరం మళ్ళీ తుమ్మాం.

జనం పోయాక ఇద్దరమే మిగిలాం.

"సిలార్ వాళ్ళు నిన్నెట్లా రానిచ్చార్రా?" అన్నాను.

"వెనక తలుపు నుంచి. నేను అక్కడ స్టూడెంటును."

నాకు అర్థం కాలేదు. వాడు మెట్టు మీద నా పక్కన కూర్చున్నాడు. రీలు కెమెరాల పని అయిపోయిందట. పెళ్ళిళ్ళకు అందరూ కంప్యూటర్లో ఫొటోలు చేసేవాళ్ళనే పిలుస్తున్నారట. నేర్చుకోకపోతే స్టూడియో మూసేయాల్సిందేనట. అందుకని రోజూ పొద్దున వాకింగు అని చెప్పి సిలార్ దగ్గర క్లాసుకు పోతున్నాడట.

"పక్కనే నేనుండగా సిలార్ దగ్గరికా?"

"నీ దగ్గర నేర్చుకుంటే స్కేలుతో చేతి ఏళ్ళ మీద కొడతావు. టైపులో ఒక తరాన్ని కొట్టావు. ఈ వయసులో నాకెందుకురా? నేర్చుకుంటా కూడా రోజూ నీ మిషన్ ముందు ఏమీ రానట్టు నిలబడాలంటే సిగ్గేసేది. ఆరోజు 'నువ్వేం చేశావో నీకు తెలుసు' అన్నప్పుడు క్లాసు సంగతే నీకు తెలిసిపోయిందనుకున్నా. నీ మిషనే చెప్పిందన్నావు. మిషన్లకి అంత తెలుసా అని భయపడి చచ్చా."

అప్పుడు నేను వాడి చేయి పట్టుకుని అన్నీ చెప్పాను. నా మిషన్‌లోకి రావాలని చూసింది నువ్వే అనుకున్నానురా, కాదట, ఎక్కడో విదేశాల్లో దొంగలట, నీ పేరు ఊరికే వాడుకున్నారట, మా కోడలు చదువు మీద ఒట్టేసి రాసింది, నన్ను క్షమించు అన్నాను.

వాడు నా చేయి విడిపించుకుని, ఫొటో కవరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. 

"అన్నీ వాళ్ళవి కాదురా. కొన్ని నావే."

నజ్మీన్, నీ చదువుకు వచ్చిన లోటేమీ లేదుగానీ, ఒట్టు మాత్రం వెనక్కి తీసుకో. సిలార్ క్లాసులో ఒకరోజు దూరంగా ఉన్న మిషన్‌లోకి వెళ్ళడం ఎలాగో నేర్పారట. ఎవరికి తెలిసిన అడ్రసు వాళ్ళు కొట్టండి అన్నారట. వీడికి తెలిసింది ఒక్కటే, నేను గొప్పగా ఉంటుందని షాపు బోర్డు మీద ఎర్ర రంగుతో రాయించిన మన సర్వరు అంకెల అడ్రసు. అది కొట్టి, పేరు అడిగితే జోసఫ్ అని కొట్టాడట.

"పాస్‌వర్డు అడిగింది. నీకూ నాకూ మధ్య పాస్‌వర్డేందిరా అనుకుని ఊరికే ఎంటర్ కొట్టా. రానియ్యలా. ఇయ్యాళ కాకపోతే రేపన్నా రానిస్తుందిలే అని రోజూ కొట్టా."

లేచి వెళ్ళి టీ తెప్పించాను. బల్లలు ఇద్దరం కలిసి తీశాం. మొయ్యలేక మధ్యలో ఒకసారి కూర్చున్నాం కూడా.

ఇప్పుడు జోసఫ్ పేరున మన సర్వరులో ఖాతా ఉంది. వాడు ఎన్నోసార్లు మార్పించి, ఎవరూ ఊహించలేనంత పెద్ద పాస్‌వర్డు పెట్టుకున్నాడు. వారం వారం మరమ్మతులు వేసే పని కూడా వాడికే ఇచ్చాను. సిలార్ క్లాసు మానేశాడు. స్కేలు మీ అత్తయ్య దాచేసింది. కనెక్షన్ నిన్న ఇచ్చారు. లాగ్ ఇద్దరం కలిసి చదువుతున్నాం. కొత్త పేర్లు వస్తే వాడు అట్టమీద రాసి లెక్క చూస్తాడు, నేను జాలిపడకుండా జాగ్రత్త పడతాను.

రంజానుకు మీరిద్దరూ రావాలి. ఈసారి బిర్యానీ పూర్తిగా తినాలి.

ఇట్లు,
నీ నన్నే మామయ్య

తా.క.: ఆ మరియ ఎవరో మాత్రం తేలలేదు. అది తను కొట్టలేదని జోసఫ్ బైబిలు మీద చేయి వేసి చెప్పాడు. దొంగల చిట్టాలో పేరని నేను ఎంత చెప్పినా మరియమ్మ నమ్మడం లేదు. తన పేరైతే చివర "అమ్మ" ఉండాలి కదా, ఆ అమ్మ లేని మరియ ఎవత్తె అంటోంది. నువ్వు ఆవిడకు విడిగా ఒక ఉత్తరం రాయాలి. ఒట్టు మాత్రం వేయకు.